దిష్టి ఉప్పూ పొయ్యి గొట్టాలూ

నేను అబద్ధాలు చెప్పి పైకొచ్చినవాణ్ణి. పెద్దగా పైకి రాలేదనుకోండి, వచ్చిన ఆ కాస్తా మాత్రం అలాగే వచ్చాను. ఒకే ఒక్కసారి, గుండె దిటవు చేసుకుని నిజం చెబితే, విన్నవాళ్లు పడీ పడీ నవ్వారు. ఆ సంగతి చెప్పాలంటే ముందు ఆ ఉద్యోగం నాకు ఎలా దొరికిందో ఒప్పుకోవాలి.

తొంభైల చివర్లో కోవిల్‌పట్టి పొలిమేరలో అగ్గిపుల్లలు చేసే చిన్న కార్ఖానా ఒకటుండేది. అగ్గిపెట్టెలు చేసేది కాదు, వట్టి పుల్లలే. మెత్తటి మొద్దుల్ని యంత్రం మీద తిప్పి పొరలు పొరలుగా ఒలిచి, ఆ పొరల్ని పుల్లలుగా నరికి, ఆరబెట్టి, మందు అద్దేవాళ్లకు మూటలు కట్టి పంపేవాళ్లం. ఎండాకాలంలో కోవిల్‌పట్టి ఎండకు ఆరని వస్తువు లేదు. ఐప్పసి మాసంలో, అంటే దీపావళి రోజుల్లో, వానలు పట్టుకుంటే మాత్రం పుల్లలకు బూజు పట్టేది. అందుకని ముదలాళి, అంటే మా యజమాని, ఒక వేడిగాలి పొయ్యి కట్టించాడు. ఇటుకల గదిలో సీమకరువేలం, అంటే సర్కారుతుమ్మ, కట్టెల మంట, మంటకు అడ్డంగా వరసగా ఇనుప గొట్టాలు. బయటి గాలి ఆ గొట్టాల్లోంచి పోతూ కాగుతుంది. అవతల ఒక పెద్ద ఫ్యాను దాన్ని లాక్కుని పుల్లల గదిలోకి తోస్తుంది. గొట్టం బయట పొగ, గొట్టం లోపల శుభ్రమైన గాలి. రెండూ కలవనంతవరకూ అంతా బాగుంటుంది.

ఆ పొయ్యికి సూపర్‌వైజర్ కావాలన్నారు. నా చేతిలో ఒక డిప్లొమా కాగితం ఉంది. అనుభవం అంటారా, ఆలంగుళం వైపు బస్సులో పోతూ కిటికీలోంచి ఒక సిమెంటు ఫ్యాక్టరీ పెద్ద పొగగొట్టాన్ని చూసి ఉన్నాను. ముదలాళి ముందు కూర్చున్నప్పుడు ఆ పొగగొట్టాన్ని కొంచెం దగ్గరికి జరిపాను. దాని కింద మూడేళ్లు పనిచేశానన్నాను. మరమ్మతుకు పైదాకా ఎక్కినప్పుడు వత్రాప్ కొండల్లో నడిచిపోతున్న ఏనుగులు కనిపించాయన్నాను.

"ఎన్ని?" అని అడిగాడు ముదలాళి.

"పదకొండు. అందులో రెండు పిల్లలు."

లెక్క చెబితే జనం నమ్ముతారు. ఉద్యోగం ఇచ్చాడు.

ముదలాళి ఇంట్లోనూ మా ఇంట్లోనూ తెలుగే. గేటు దాటి రోడ్డెక్కితే తమిళం. పొయ్యి కాచే మనిషి కూడా మా భాషవాడే, నల్లరేగడి పల్లెవాడు, యాభై దాటినవాడు. పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోయేవాడు. అంతకుముందు ఇరవై ఏళ్లు సున్నపు బట్టీ కాచాడు. వరస ఏమీ లేకపోయినా నేను ఆయన్ని మామా అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడా అనేవాడు. పొయ్యి తలుపు జానెడు తెరిచి మంట రంగు చూసి ఇంకొక కట్టె వేయాలో వద్దో చెప్పేవాడు. నేను గోడకున్న మీటరు చూసి అదే మాట గంభీరంగా మళ్లీ చెప్పేవాణ్ణి. అదే నా పని.

మొదటి ఏడాది వానల్లో ఒకరోజు పుల్లలు నల్లగా మసిబట్టి వచ్చాయి. ఒక గొట్టం అతుకు దగ్గర చిల్లు పడి పొగ గాలిలో కలిసింది. ముదలాళి నన్ను పిలిచాడు.

"ఏమప్పా, మూడేండ్లు చేసినోనివి గదా. కొత్త గొట్టం, ఎందుకు ఓటయ్యింది?"

అతుకు సరిగా వేయలేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు. ఆ 'తెలియదు' అనే మాట నా నోటికి ఎప్పుడూ సరిగా తిరగదు. "దిష్టి, ముదలాళీ," అన్నాను. అన్నాక ఆగొచ్చు కదా. ఆగలేదు. నేను పనిచేసిన చోట పెద్ద బట్టీకి ప్రతి మంగళవారం, శుక్రవారం ఉప్పు, మిరపకాయలు తిప్పి మంటలో వేసేవాళ్లనీ, వేయకపోతే ఇంజినీర్లు లోపలికి అడుగు పెట్టేవాళ్లు కాదనీ, ఒకసారి మరిచిపోతే బట్టీ మూడు రోజులు అలిగి రాజుకోలేదనీ చెప్పాను.

అరుగు మీద ముదలాళి తల్లి కూర్చుని ఉంది. డెబ్బై దాటిన మనిషి. అందరికీ అవ్వే. కార్ఖానా గోడకు ఆనుకునే వాళ్ల ఇల్లు.

"నేను అప్పుడే చెప్తిని గదరా," అంది కొడుకుతో. "ఊర్లో ఎవురికీ లేని పొయ్యి కడ్తివి. బస్సులో పోయేవోళ్లంతా తల తిప్పి చూస్తా ఉండారు. కన్ను పడకుండ ఉంటుందా?"

ఆ శుక్రవారం నుంచే మొదలుపెట్టింది. తూత్తుకుడి నుంచి వచ్చిన రాళ్లుప్పు బస్తా ఒకటి సామాన్ల గదిలో పెట్టించింది. ముందు పిడికెడు. పొయ్యి చుట్టూ మూడుసార్లు తిప్పి, తలుపు తీయించి మంటలో వేసేది. ఉప్పు చిటపటలాడితే, "చూస్తివా, ఎంత కన్ను ఉండాదో," అనేది. ఉప్పురాయిని నిప్పులో వేస్తే చిటపటలాడక ఏం చేస్తుంది? నేను మాత్రం పక్కన నిలబడి, అవునన్నట్టు తల పంకించేవాణ్ణి. కార్ఖానాలో నాకు ఒక గౌరవం వచ్చింది. దిష్టి లోతు తెలిసిన సూపర్‌వైజర్ మరి ఎక్కడున్నాడు?

పిడికెడు కాస్తా దోసెడు అయింది, దోసెడు కాస్తా కొలిచే పడి నిండా అయింది. పొరలు ఒలిచే ఆడవాళ్లు, ఎవరైనా బయటివాళ్లు వచ్చి పొయ్యి బాగుందంటే చాలు, వాళ్లు గేటు దాటగానే తలా ఒక గుప్పెడు వేసి వెళ్లేవాళ్లు. మూడు నెలలకు రెండు గొట్టాలు పోయాయి. ఉప్పు పెంచాం. ఇంకొక నాలుగు పోయాయి. బస్తా అయిపోతే రెండు బస్తాలు తెప్పించాం. ఇంత కన్ను పడుతున్న పొయ్యి చుట్టుపక్కల ఎక్కడా లేదని అవ్వకు లోలోపల గర్వంగా కూడా ఉండేది.

ఒకరోజు మామ నన్ను పొయ్యి దగ్గరికి పిలిచాడు. తలుపు తీసి చూపించాడు.

"అల్లుడా, గొట్టాల మీద ఏందో పాకం మాదిరి కారతా ఉండాది. మంట ఆరినాక గాజు మాదిరి గట్టిపడతాది. సున్నం బట్టీలో నేను ఇట్ల చూడలే."

"దిష్టి కరిగి కారతా ఉంది మామా," అన్నాను.

మామ నన్నొకసారి చూసి తలుపు వేసేశాడు. ఆ ఒక్క చూపుకు నేను ఆగి ఆలోచించి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

ఆ తరువాతి వారంలో ఒకేసారి మూడు గొట్టాలు చీలాయి. గదినిండా ఉన్న పుల్లలన్నీ నల్లబడ్డాయి. ముదలాళి పొయ్యి దగ్గరికే వచ్చాడు. పని చేసేవాళ్లంతా చుట్టూ ఉన్నారు.

"నువ్వు నిద్రపోతా ఉండావు," అన్నాడు మామతో. "మంట పైకి లేస్తా ఉండాది, గొట్టాలు కాలతా ఉండాయి. సోమవారం నుంచి వేరే మనిషి వస్తాడు."

"నేను నిద్రపోలే, ముదలాళీ," అన్నాడు మామ. చేతిలోని ఇనుప కడ్డీని గోడకు ఆనించి, మళ్లీ ఎందుకో తీసి, బూడిద తుడిచి, తిరిగి ఆనించాడు.

మంట కాచేవాడికి నిద్రపోయాడనే మాట కంటే పెద్ద నింద లేదు. ఆ మాట పడితే ఇంకెక్కడా మంట దగ్గర నిలబెట్టరు. పైగా ఆయన ఊరివాళ్లు ఆరుగురు మా దగ్గరే పొరలు ఒలుస్తారు. సాయంత్రం బస్సు ఊరు చేరేలోపల ఆ మాట ఊరు చేరుతుంది. ఆయన భార్యకు ఆయన చెప్పకముందే తెలుస్తుంది. నేను అక్కడే ఉన్నాను. పాకం సంగతి నాకు చెప్పాడు కదా, ఆ మాటైనా అనొచ్చు. మీటరు ఎప్పుడూ గీత దాటలేదని చెప్పొచ్చు. ఊరూవాడా తిరిగే నా నాలుక ఆ పూట నోట్లోంచి కదల్లేదు.

మర్నాడు కొత్త గొట్టాలు తేవడానికి నన్ను విరుదునగర్ పంపారు. కొలత కోసం చీలిన గొట్టం ముక్క ఒకటి తువ్వాలులో చుట్టుకుని బస్సెక్కాను. కండక్టరు దాన్ని నొక్కి చూసి, వేటకొడవలి అనుకున్నాడో ఏమో, వంకర చూపు చూసి, మా ఇంట్లో అందరూ క్షేమమేనా అని అడిగాడు. నాదస్వరం అన్నాను. నమ్మాడు.

విరుదునగర్‌లో మాకు పెదనాయన వరస అయ్యే ఒకాయన ఉండేవాడు. కత్తులకు, ఉలులకు పదును పట్టేలా గట్టిపరిచే చిన్న షెడ్డు ఆయనది. పెద్ద ఇనుప కుండలో ఉప్పుల్ని కరిగించి నీళ్లలా చేసి, ఎర్రగా మెరిసే ఆ ద్రవంలో కత్తుల్ని ముంచి తీసేవాడు. గొట్టాల కొట్టుకు పోయే ముందు ఊరికే పలకరించిపోదామని వెళ్లాను. ఆయన తువ్వాలు విప్పి, గొట్టం మీద ఉన్న తెల్లటి పెచ్చును గోటితో గీకి నాలుక మీద వేసుకున్నాడు.

"ఉప్పు గదరా ఇది. పొయ్యిలో సాంబారు కాస్తా ఉండారా మీరు?"

నేను నవ్వబోయాను. ఆయన నవ్వలేదు. షెడ్డు మూలకు తీసుకుపోయి పాత కుండ ఒకటి చూపించాడు. అడుగు బాగానే ఉంది. కరిగిన ఉప్పు నిలిచే గీత దగ్గర చుట్టూతా కొరికినట్టు సన్నబడి, ఒకచోట చిల్లు పడి ఉంది.

"బాగా కాలిన ఇనుము మీద పొర ఒకటి కడతాది. అది దానికి చొక్కా మాదిరి. చొక్కా ఉండేవరకూ లోపల ఒళ్లు గబుక్కున కాలదు. ఉప్పు కరిగి నీళ్లయితే ఆ చొక్కాను కరిగిస్తాది. ఇనుము ఇంకొక చొక్కా వేసుకుంటాది. ఉప్పు దాన్నీ విప్పుతాది. ఇట్ల విప్పతా పోతే ఒళ్లే మిగలదు. కట్టె బూడిదలో ఊరికేనే కొన్ని ఉప్పులు ఉంటాయి. దాంట్లో ఇది కలిస్తే ఇంకా తక్కువ వేడికే కరుగుతాది. ఉప్పు వేస్తా ఉండేది ఎవురు?"

"మా ముదలాళి వాళ్లమ్మ. దిష్టికి."

"ఆమెకు చెప్పింది ఎవురు?"

నేను కుండలోకి చూస్తూ నిలబడ్డాను. పెదనాయన టీ తెప్పించాడు. అది తాగడం ఎంత కష్టమైందో చెప్పలేను.

గొట్టాలు కొని ఎక్కిన తిరుగు బస్సులో సాత్తూరు వచ్చేలోపల మూడు మంచి అబద్ధాలు తయారుచేశాను. గొట్టాలు అమ్మినవాడు పాత ఇనుముకు రంగు వేసి అంటగట్టాడన్నది ఒకటి. కట్టెల్లో ఏదో విషపు చెట్టు కలిసిందన్నది ఇంకొకటి. మూడోదాంట్లో పిడుగు ఉంది. మూడింటిలో ఏది చెప్పినా మామకు నింద పోతుంది, నాకూ పేరు నిలుస్తుంది. కానీ ఉప్పు ఆగదు. రెండు నెలలకు మళ్లీ గొట్టాలు పోతాయి, అప్పుడూ పొయ్యి ముందు నిలబడి ఉండేది మామే. ఎంత తిప్పి చూసినా ఈ ఒక్కదానికి నిజం తప్ప వేరే దారి దొరకలేదు.

శనివారం పొద్దున అరుగు మీద ముదలాళి, అవ్వ ఇద్దరూ ఉండగా చెప్పాను. గొట్టాల్ని తిన్నది ఉప్పేనన్నాను. ఆ ఉప్పు సంగతి నేను కల్పించి చెప్పానన్నాను. పెద్ద బట్టీలో పనే చేయలేదన్నాను. పొగగొట్టాన్ని బస్సులోంచి చూశానన్నాను.

ముదలాళి ముందు నా మొహం చూశాడు. తరువాత నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

"ఏనుగులు పదకొండు అంటివి, సరే. ఇప్పుడు ఉప్పు ఇనుమును తింటాదా అప్పా?"

అవ్వ నవ్వలేదు. నా మీద ఆమెకు జాలి కలిగింది. "పొయ్యికాడ ఆయప్పను కాపాడాలని కత అల్లతా ఉండాడు, పాపం," అంది. "మంచి మనసేలే. అయినా ఉప్పును అనకూడదు నాయనా. ఉప్పు లక్ష్మి."

నా జీవితంలో అంత పెద్ద నిజం ఎప్పుడూ చెప్పలేదు, దానికి మంచి అబద్ధమని మెచ్చుకోలు దొరికింది. ఎంత ప్రమాణం చేస్తే అంత నవ్వు వచ్చింది వాళ్లకు. చివరికి విసిగిపోయి ఒక పందెం పెట్టాను. కొత్త గొట్టంలోంచి రెండు ముక్కలు కోద్దాం, ఒకే మంటలో పక్కపక్కన వేలాడదీద్దాం, ఒకదానికి ఉప్పు, ఒకదానికి లేదు, ఎనిమిది రోజులకు తీసి చూద్దాం. ఆ ఎనిమిది రోజులు మంట మామే కాయాలి, ఉప్పు మంటలో వేయకూడదు.

ముదలాళి తల్లివైపు చూశాడు. ఆమె కాసేపు ఆలోచించి, "ఉప్పు పూసేది నేను," అంది. "వీని చేతికి ఇయ్యకు. ఆకురాయి పెట్టి అరగదీస్తాడు."

పొయ్యి దగ్గరికి వెళ్లి మామకు అంతా చెప్పాను. ఆయన కడ్డీ మీద ఆనుకుని చివరిదాకా విన్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ముక్కలు యాడ కట్టాలో నేను చెప్తా," అన్నాడు. "నువ్వు చెప్తే మళ్లీ ఏందో ఒకటి అవుతాది."

గొట్టాల వరస పక్కనే, మంట సమంగా తగిలేచోట, దళసరి కమ్మీకి రెండు ముక్కలూ కట్టాడు. ఉప్పు పూసే ముక్కకు గుర్తుగా ఒక అంచున గంటు పెట్టాడు. అవ్వ రోజూ పొద్దునే వచ్చేది. మంట తగ్గించి కమ్మీ బయటికి తీసి ముక్కలు ఆరేదాకా పీట మీద కూర్చునేది. ఉప్పును నీళ్లలో ముద్దలా కలిపి, ఇడ్లీపిండి తాకినంత పదిలంగా గంటు ముక్కకు పూసేది. నన్ను పది అడుగుల దూరంలో నిలబెట్టేది. నేను కదిలితే కళ్లు పెద్దవి చేసేది. నాలుగో రోజుకే గంటు ముక్క మీద పెచ్చులు లేవడం నేను దూరం నుంచి చూశాను. ఆమె కూడా చూసింది. మామ మాత్రం ఆ ఎనిమిది రోజులూ కూర్చోలేదు. అన్నం కూడా పొయ్యి ఎదురుగా నిలబడే తిన్నాడు, ఎవరైనా చూస్తే కూర్చుని కునికాడంటారని.

ఎనిమిదో రోజు మామ రెండు ముక్కల్నీ తీసి రాయి మీద పెట్టాడు. చల్లారాక సుత్తి ముదలాళి చేతికి ఇచ్చాడు. ఉప్పు లేని ముక్క మీద కొడితే నల్లటి పొర రాలింది, లోపల ఇనుము గట్టిగా ఖంగుమంది. గంటు ముక్క మీద కొడితే శబ్దమే రాలేదు. ఉల్లిపొరల్లా పెచ్చులు లేచిపోయాయి. మిగిలిన రేకును ముదలాళి బొటనవేలితో నొక్కితే వేలు అవతలికి దిగింది.

అవ్వ ఆ పెచ్చుల్ని అరచేతిలో వేసుకుని చూస్తూ కూర్చుంది.

"ఇన్ని దినాలు నా చేత్తో నేనే తినిపిస్తిని," అంది మెల్లగా. తరువాత తల ఎత్తి నావైపు చూసింది. ఆ చూపు గురించి రాయను. కొంచెం ఆగి, ఇకమీద దిష్టి తీసిన ఉప్పును బావి దగ్గర బిందెడు నీళ్లలో కరిగించి పారబోస్తానంది. చాలా ఇళ్లలో అలాగే చేస్తారు, అదీ తప్పు కాదు. ఉప్పును మాత్రం మాననని స్పష్టంగా చెప్పింది.

ముదలాళి సుత్తి కింద పెట్టి, పొయ్యికి వేరే మనిషి ఇక ఎవరూ రావడం లేదని గోడతో చెప్పినట్టు చెప్పాడు. నన్ను కొలువులోనే ఉంచాడు కానీ పొయ్యికి దూరంగా, మొద్దులు దించే చోటుకు మార్చాడు. మొద్దులకు కథలు చెప్పినా నష్టం లేదని అనుకుని ఉంటాడు.

పని అయిపోయిందనుకుని నేను వెనక్కి తిరిగాను. మామ పిలిచాడు.

"అల్లుడా, ముదలాళికి తెలిసింది, సరే. మా ఊరికి ఎవురు చెప్తారు? మా ఇంటామె పది దినాలుగా నాతో సరిగా మాట్లాడేది లేదు. నేను చెప్తే, నిద్రపోయినోడు ఇంకేమి చెప్తాడంటాది."

ఆదివారం ఆయనతో పాటే బస్సెక్కాను. వాన వెలిసిన రేగడి చెప్పులకు అతుక్కుని, ఇల్లు చేరేసరికి నేను నాలుగు అంగుళాలు పొడవయ్యాను. మామ భార్య పంచలో కూర్చుని వేరుశనగకాయలు ఒలుస్తోంది. పొరలు ఒలిచే ఆడవాళ్లు ఇద్దరు ముందే వచ్చి కూర్చున్నారు. నేను కథలు బాగా చెబుతానని వాళ్లు ఊరంతా చెప్పినట్టున్నారు, ఇంకొక నలుగురు గోడ పక్కన చేరారు.

"చెప్పు నాయనా," అంది ఆమె, తల ఎత్తకుండానే.

నిలబడే చెప్పాను. "గొట్టాలు పోయింది ఉప్పువల్ల, అత్తా. ఉప్పు వేయించింది నేను. మామ ఒక్క దినం కూడా నిద్రపోలే. అది తెలిసీ ఆ పొద్దు నేను నోరు తెరవలే."

ఆమె ఇంకా ఏదో వస్తుందని చూసింది. గోడ పక్కనవాళ్లూ చూశారు.

"అంతేనా?"

"అంతే అత్తా."

వాళ్ల మొహాల్లో నిరాశ నాకు స్పష్టంగా కనబడింది. ఇంత దూరం బురదలో నడిచి వచ్చి నాలుగు ముక్కలు చెబుతాడా అన్నట్టుంది. ఆమె కాయల చేటను నావైపు తోసింది. కూర్చుని ఒలవడం మొదలుపెట్టాను.

అప్పుడు మామ గొంతు సవరించుకున్నాడు. సుత్తి ముదలాళి చేతికి తాను ఎలా ఇచ్చాడో చెప్పాడు. ఒక్క దెబ్బకు గొట్టం పిండిగా రాలిందన్నాడు. విరుదునగర్ నుంచి పెద్ద పెద్ద వాళ్లు కారులో వచ్చి చూశారన్నాడు. వచ్చింది నేనొక్కణ్ణే, అదీ బస్సులో. గోడ పక్కనవాళ్లు దగ్గరికి జరిగారు. అవ్వ తన చెయ్యి పట్టుకుందన్నాడు. ముదలాళి అందరి ముందరా కళ్లనీళ్లు పెట్టుకుని 'తప్పు నాదే' అన్నాడన్నాడు.

అక్కడికి వచ్చేసరికి అత్త ఒలవడం ఆపి నావైపు చూసింది, నిజమేనా అన్నట్టు.

నేను నోట్లో ఉన్న పప్పు మింగి, నిజమేనన్నట్టు తల ఊపాను.